స్పిరోస్ గారి మిఠాయి పెట్టెలు

హలో… ఆఁ, నేనే అండీ, దెస్పీనా మిఠాయి కొట్టు నుంచే… చెప్పండి.

… ఓ, స్పిరోస్ గారా! ఇవాళ మీ పేరు పండగ కదూ! మీకు పేరిచ్చిన సెయింట్ స్పిరిడాన్ దయవల్ల నూరేళ్లు చల్లగా ఉండండి! … అయ్యో, పండగపూట అలా విసుక్కుంటారేంటి?

… మీ బాదం కురాబియే బిస్కెట్లా? రెండు పెద్ద పెట్టెలు. తెలుసు సార్, నా చేత్తోనే పంచదార చల్లాను.

… ఎక్కడున్నాయంటే… పరిశీలనలో ఉన్నాయండి.

… పరిశీలనే. మొదటి రౌండు దాటాయి. రెండో రౌండులో కూడా బాగానే చేశాయి. ఇక పైవాళ్ల నిర్ణయం రావాలి.

… ఎగతాళి కాదు సార్! … ఎప్పటికి అంటే… మేమే ఫోన్ చేస్తాం.

… అరవకండి. … తెలుసు, ఆఫీసంతా మీ బల్ల చుట్టూ చేరి "తీపి ఏదయ్యా" అంటున్నారు. … డైరెక్టరమ్మ కూడా దిగొచ్చిందా! అయ్యయ్యో. పేరు పండగనాడు తీపి పంచకుండా వట్టి చేతులతో నిలబడితే మన కవాలా ఊళ్లో ఇంకేం పరువుంటుంది? మళ్లీ పండగదాకా చెప్పుకుని నవ్వుతారు.

… నేనా? గుర్తుపట్టలేదా? మీ గొంతు నేను మొదటి మాటకే పట్టేశాను. … ఆర్గిరో. … ఆర్గిరో సార్! మీ ఓడల కంపెనీలో లెక్కల ఉద్యోగానికి వచ్చాను. ఆకుపచ్చ కోటు…

… ఇప్పుడు దగ్గొచ్చిందేంటి? మంచినీళ్లు తాగండి.

— అత్తా, ఉండు! ఆయనే! … ఆఁ, ఆ ఫోన్ చేస్తానన్నాయనే!

… మా దెస్పీనా అత్త సార్. మీ పేరు చెబితే చాలు, ఒళ్లు మండి పొయ్యి అక్కర్లేకుండానే పాకం పట్టేస్తుంది.

… గుర్తు లేదా? నేను గుర్తు చేస్తాగా! మొదటిసారి వానలో తడుస్తూ వస్తే మీరు కాఫీకి వెళ్లారు, మళ్లీ రాలేదు. రెండోసారి వీడియోలో మాట్లాడదామన్నారు. అంతసేపూ మీ ఆఫీసు సీలింగే కనిపించింది. నా గుణగణాలన్నీ ఆ సీలింగుకే చెప్పుకున్నాను. మూడోసారి, ఎలా చేస్తావో చూద్దామంటూ మీ ఎండాకాలం లెక్కలన్నీ నాచేత సరిచేయించుకున్నారు. భేష్ అన్నారు. మేమే ఫోన్ చేస్తాం అన్నారు. అంతే! ఉలుకూ లేదు, పలుకూ లేదు.

… నేను ఫోన్ చేస్తే మీరు మీటింగులో ఉండేవారు సార్. ఎప్పుడు చేసినా మీటింగే. స్నానానికి వెళ్లినా ఫోన్ పట్టుకెళ్లేదాన్ని. చర్చిలో కూడా రింగు ఆపలేదు. సరిగ్గా ప్రార్థన మధ్యలో మోగింది… మీరనుకుని పరిగెత్తాను… మా అత్త, గుడ్లు తెమ్మని. ఫాదరు ఇప్పటికీ నావంక అదోలా చూస్తాడు.

… కోపం కాదండీ. ఏడుపొచ్చింది. అది వేరు.

… సరే, ఒక్క ముక్క చెప్పండి. ఉద్యోగం ఉందా, లేదా? … ఇవాళే తెలియాలి. మా అత్తకి మోకాళ్లు పట్టేశాయి. కొట్టు నడుపుతానంటే నాకిస్తుందట, లేదంటే సెల్‌ఫోన్లు అమ్మేవాడికి అద్దెకిస్తుందట. వాడు సాయంత్రం తాళాలకి వస్తున్నాడు. "ఆగత్తా, కంపెనీవాళ్లు ఫోన్ చేస్తారు" అని ఇన్నాళ్లూ నేనే ఆపుతూ వచ్చాను.

… చూడండి, చూడండి. ఆగుతాను. నాకలవాటేగా.

…

… దొరికిందా? … ఏంటీ?

… ఎంపికయ్యానా! … ఎప్పుడు? … ద్రాక్ష కోతలప్పుడా! మూడు నెలలైంది! మరి నాకు చెప్పలేదే? … డైరెక్టరమ్మ చెప్పిందని మీరనుకున్నారు… మీరు చెప్పారని ఆవిడ… బాగుంది. తర్వాత? … కబురు పెట్టినా చేరలేదు అని… ఓహో, నన్ను తీసేశారు కూడానా!

— అత్తా, నాకు ఉద్యోగం వచ్చిందట! పోయిందట కూడా! … నవ్వకే, నాకూ నవ్వొస్తోంది.

… సోమవారం నుంచా? … నిజంగానా? … డైరెక్టరమ్మ పక్కనే ఉందా? సరేనందా?

… ఈ మాట కోసం కళ్లు కాయలు కాసేలా ఎదురుచూశాను. తీరా వచ్చేసరికి మోచేతులదాకా పంచదార. … పొద్దుట్నుంచీ ఊళ్లో ఉన్న స్పిరోస్‌లందరూ వచ్చారు సార్, ఒక్క మీరు తప్ప. ఒక ముసలాయన ఇక్కడే ఒకటి కొరికి, "పిల్లా, మీ అత్త చేతికన్నా నీ చెయ్యే బాగుంది" అన్నాడు. మెల్లగానే అన్నాడు, అత్త వినకుండా. నిలబడ్డచోటే, అప్పటికప్పుడే చెప్పేశాడు సార్…

… వద్దండీ.

… వద్దు. … ఆలోచించే చెప్తున్నా. చూశారా, వద్దని చెప్పడం ఎంత తేలికో?

— అత్తా! ఆ ఫోన్లవాణ్ణి రావద్దని చెప్పు! … ఆఁ, నేనే! కొట్టు నేనే చూసుకుంటా! … ఏడవకే, పిండిలో పడతాయి!

… ఆఁ సార్. మిఠాయిలు కదూ? అవి పొద్దున్నే పంపేశాం. … మీ ఆఫీసుకే. … ఒట్టు! మా మావయ్యే పట్టుకెళ్లాడు. ఇందాక ఫోన్ చేశాడు కూడా. కింద రిసెప్షన్లో అమ్మాయి "కూర్చోండి, పైవాళ్లే పిలుస్తారు" అందట. పాపం, అప్పట్నుంచీ ఆ తోలు సోఫాలోనే ఉన్నాడు, పెట్టెలు ఒళ్లో పెట్టుకుని. … అదే సోఫా సార్. ఎడంవైపు స్ప్రింగు గుచ్చుకుంటుంది, నాకు తెలుసు.

… మెట్లు జాగ్రత్త! … హలో? … సార్?

— పరిగెత్తాడత్తా. … ఆ కంపెనీలో ఇంత తొందరగా పిలుపొచ్చింది మన మావయ్యొక్కడికే!