ఊరు కట్టిన రోజు

"మామ్మగారూ, ఆకివీడు వెళ్తున్నాం, మీరూ రండి అంటే ఇవాళ గడప దిగనంటారేంటండీ?"

దిగనమ్మా. మీరు వెళ్ళిరండి. మీ ఆయనకి చెప్పు, మామ్మ ఏవీ అనుకోదని. కుర్రాళ్ళకి పట్టింపు లేదిప్పుడు. మా వయసు వాళ్ళం నలుగురం మిగిలాం, మేం మాత్రం కదలం.

ఇవాళ ఊరు కట్టే రోజే తల్లీ. నువ్వు నా మనవడి పెళ్ళానివై కొత్తగా వచ్చావు, నీకెవరు చెప్తారు? వరికోతలయ్యాక, ఎండలు ముదరకముందు, అమ్మవారికి చేసేవారు. ముందురోజు సాయంత్రం డప్పు కొట్టి చాటింపేసేవారు. రేపు పొద్దు పొడిచిన దగ్గర్నించి ఎల్లుండి పొద్దు పొడిచేదాకా ఎవరూ పొలిమేర దాటకూడదు, బయటివాళ్ళు లోపలికి రాకూడదు అని. రోగం రొచ్చూ ఊళ్ళోకి రాకుండానన్నమాట. అప్పుడు రోడ్డేదమ్మా? చుట్టూ కొల్లేరే కదా. దోనెలన్నీ గట్టుకి కట్టేసేవారు.

మాది పెదపాడు దగ్గర. మా నాన్నది పొలం పని. నేనేమో ఈ లంకలోకి వచ్చి పడ్డాను. వచ్చిన కొత్తలో చేపల వాసనకి అన్నం సయించేది కాదంటే నమ్ము. మా వదిన ఆవకాయ పంపేది... ఆ, ఏం చెప్తున్నాను? ఊరు కట్టడం.

నాకు తొలిచూలు ఆడపిల్ల. భూలక్ష్మి అని పెట్టాం, బుల్లి అని పిలిచేవాళ్ళం. అయిదో నెల్లో జొరం వచ్చి పోయింది. ఈదురుగాలిలో తలంటింది, అందుకే పిల్ల పోయింది అని మా అత్తగారు ఎవరితోనో అనడం నా చెవిన పడింది. మీ తాతగారు ఏవీ అనలేదు. అసలు మాటే లేదు. చీకటుండగా దోనె వేసుకుని వెళ్ళిపోయేవారు, మళ్ళీ తిండికీ, పడకకీ రావడం. ఇరుగుపొరుగు ఆడవాళ్ళూ రావడం మానేశారు. ఇంట్లో ముగ్గురం ఉండి కూడా, వల మీద వాలిన కొంగ రెక్క కొట్టుకుంటే వినపడేదమ్మా.

మా అన్నయ్య తాడేపల్లిగూడెంలో రైసుమిల్లులో ఉండేవాడు. వాడికెలా తెలిసిందో, "ఆకివీడొచ్చి ఉంటాను, వచ్చెయ్యి, మళ్ళీ వెళ్ళక్కర్లేదు" అని కబురు పెట్టాడు. బట్టలు మూట కట్టేసుకున్నాను. ఆ సాయంత్రమే డప్పు మోగింది. ఇంకెక్కడికి వెళ్తాను?

మర్నాడు మీ తాతగారూ వెళ్ళడానికి లేదు కదా. పొద్దున్నించీ అరుగు మీద చిరగని వల ముందేసుకుని కూర్చున్నారు. లోపలికి మాత్రం రారు. మధ్యాహ్నం అన్నం అక్కడికే పట్టుకెళ్ళి పెట్టాను. పెట్టి, ఏ ధైర్యం వచ్చిందో, "నా మీద కోపమా అండీ? మీరూ అత్తయ్యలాగే అనుకుంటున్నారా?" అన్నాను.

తలెత్తి చూశారు. "ఏం అనుకోవడం?"

"నేను తలంటబట్టే పోయిందని."

"ఛ!" అన్నారు. చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "ఆ దూలానికి ఉయ్యాల తాడుందే. అది చూస్తూ ఇంట్లో ఉండలేకపోతున్నాను. నువ్వెందుకు విప్పలేదు?"

"మీరు విప్పుతారని."

"నువ్వు విప్పుతావని నేను..." అన్నారు. ముద్ద కంచంలో పెట్టేసి, "బుల్లి ఉంటే ఈపాటికి పాకేది కదే" అన్నారు.

ఆ పేరు ఆయన నోట విని ఎన్నాళ్ళైందో. అప్పుడు ఏడ్చానమ్మా, అంతకుముందు ఏడవనేలేదు. ఇద్దరం కలిసి తాడు విప్పాం. పొద్దుగూకేదాకా పిల్ల గురించే చెప్పుకున్నాం. మా అత్తగారు కూడా గుమ్మంలోకొచ్చి కూర్చుని వింది.

తెల్లారాక మా అన్నయ్యే వచ్చేశాడు. "పదవే" అన్నాడు. "రానురా" అన్నాను. వాడికి కోపం వచ్చి మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

అంటే, ఆ తర్వాత అంతా మారిపోయిందనుకునేవు. లేదమ్మా. అన్నయ్య వచ్చేసరికే మీ తాతగారు దోనె విప్పుకుని వెళ్ళిపోయారు. మీ మావగారు పుట్టాక కూడా అంతే, మాట తక్కువ మనిషి. అబద్ధమెందుకు, నేనూ అలవాటు పడిపోయాను. కానీ ఏటేటా ఊరు కట్టిన రోజు మాత్రం అన్నం తిని, చెయ్యి కడుక్కుని, "ఏవే, కూర్చో" అనేవారు. ఏడాది పొడుగునా ఆయనకి చెప్పాలనుకున్నవన్నీ దాచుకుని, ఆ ఒక్క పూటా చెప్పేదాన్ని. సగం మర్చిపోయేదాన్ని కూడాను.

ఆయన పోయాక చాటింపు కూడా ఆగిపోయింది. రోడ్డొచ్చింది, చెరువులొచ్చాయి, చేపల లారీలు ఆగుతాయా? నేను మాత్రం వెళ్ళను. పిలిచే మనిషి లేడని తెలుసు. అయినా అన్నం తిన్నాక కాసేపు అరుగు మీద కూర్చుంటాను.

సరే, బయల్దేరండి, ఎండెక్కుతోంది. ఇలా రా, తల వంచు. పసుపుకుంకాలతో చల్లగా ఉండు తల్లీ. నీ మొగుడు నీ దగ్గర కూర్చోడానికి ఏ అమ్మవారూ ఊరు కట్టక్కర్లేకుండా ఉండాలి.