గోల్డ్‌ఫిష్‌కు అమ్మ పోసింది

"...బుగ్గల మింద సూడు శ్వేతా, రవ్వ సల్లినట్టు తెల్ల సుక్కలు."

"వెలుగుకు అట్ల కనబడతాండాయేమో అత్తమ్మా."

"వెలుగు రెక్కల మింద గూడా పడిందా? ఒక్క సోట నిలవకుండా ఆ ఇంకోదాని యెంట పడి తిరగతాండాది. ఒళ్ళు మంట దీనికి. అమ్మ పోసినాది."

మదనపల్లెలో ఆ ఇంటి ముందుగది. చేపల తొట్టి ముందు అత్త అన్నపూర్ణమ్మ, కోడలు శ్వేత. మగ గోల్డ్‌ఫిష్‌కు జతకట్టే కాలంలో అలాంటి చుక్కలు వస్తాయని శ్వేత ఎక్కడో చదివింది. చెప్పబోయింది. మామగారి అక్క విజయమ్మ, నెల రోజులు ఉండిపోవడానికి, ఆ పూటే కుప్పంలో బయలుదేరిన సంగతి గుర్తొచ్చి నోరు మూసుకుంది.

"సేపలకు గూడా పోస్తాదా అత్తమ్మా?"

"ప్రాణమున్న దేనికైనా పోస్తాది. తొట్టి మింద వేపాకు పెట్టు. ఈ పూట నుంచి తాళింపు లేదు, కోడికూర లేదు. పక్క తొట్లో ఆ చారల బార్బు సేపలకు అంటుకుంటే ఏం గతి?"

"బార్బుల సంగతి సరే. మనుషులో?"

"ఏ మనుషులు?"

"అదే... బయటోళ్ళు. అమ్మ పోసిన ఇంటికి రాకూడదని మీరే అంటా ఉంటారు గదా."

"రాకూడదు. యాల?"

"ఊరికే."

"ఊరికే ఏందమ్మా, చెప్పు."

"విజయమ్మ అత్తమ్మ..."

"అవును గదా, ఆయమ్మ వస్తాండాది."

"పోయినసారి వచ్చి వంటిల్లు సర్దిపెట్టి పోయినారు. చింతపండు ఇంగా దొరకలా."

"అట్ల అనకూడదు, పెద్దామె. వచ్చేవాళ్ళను వద్దనే నోరు నాకు లేదు. నువ్వే చెప్పు, ఏం చేసేది?"

"ఫోను చేయండి. పుంగనూరు దాటక ముందే."

"నువ్వు చేయమంటాండావా?"

"నేనే అంటాండా."

"అయితే నువ్వే నొక్కు. స్పీకరు పెట్టు... వదినా, యాడుండావు?"

"పుంగనూరు బస్టాండులో అన్నపూర్ణా. మదనపల్లె బస్సు ఎక్కతాండా. యాల?"

"మా ఇంట్లో అమ్మ పోసినాది."

"ఎవురికి? మనవడికా?"

"పేరు పెట్టి చెప్పకూడదు వదినా. ఆ తల్లికి కోపం వస్తాది."

"ఏమన్నా తినేకి అవతాందా, పాపం?"

"వేసిందంతా తింటాండాది."

"అయితే బయం లేదు. నేను ఇట్నే కుప్పం బస్సు పట్టుకుంటా. తలకు నీళ్ళు పోసినాక కబురు చెయ్యి."

"నీళ్ళకేం కరువు లేదులే వదినా."

"ఉంటా మరి."

"పెట్టేసిందా శ్వేతా?"

"పెట్టేసినారు అత్తమ్మా. పాపం, అంత దూరం వచ్చి..."

"నువ్వు పాపం అనబాక. మొన్న మేత కొననుపోతే సేపలంగడి వజీరు చెప్పినాడు, జతకట్టే కాలంలో మగదానికి బుగ్గల మింద అట్ల వస్తాయని."

"మరి మీరు... తెలిసే..."

"తెలిసి నేనేం చేసినా? ఫోను చేయమనింది నువ్వు. రేపు బయటపడితే, చదువుకున్న కోడలు చెప్పింది, నాకేం తెలుసునమ్మా అంటా."