ట్రిగ్గర్‌కి కొబ్బరినూనె

"అమ్మమ్మా, నువ్వు గన్ కాల్చేదానివంట కదా? మమ్మీ చెప్పింది."

చెప్పేసిందా? మీ అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు కదా. కూర్చో, చెప్తా. మధ్యలో నవ్వొస్తే మాత్రం ఆగలేను, ముందే చెప్తున్నా.

అప్పుడు షామ్‌బర్గ్ అని ఒక మంచు ఊళ్ళో ఉన్నాం. ఎనభైల్లో, మొదట్లో అనుకో... మీ అమ్మ ఇంకా పాలసీసా వదల్లేదు. నేను హాస్పిటల్లో నర్సుని. నాతో పనిచేసే నాన్సీ అని, తాటిచెట్టంత మనిషిలే, నన్ను షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళింది. ఒక్కసారి కాల్చానో లేదో, పిచ్చి పట్టేసింది! సొంతంగా రివాల్వర్ కొనేసుకున్నా. మీ తాతయ్య ఒకటే గోల. "ఉప్మాలో ఉప్పే గురి తప్పుద్ది నీకు" అని. చివరికి పందెం కాశారు. క్లబ్బులో ఆడవాళ్ళ పోటీ ఉంది, దాంట్లో ఒక్క తూటా అన్నా గురి అట్ట మధ్యలో ఉండే నల్ల గుండ్రంలో పడితే గన్ నాది, లేకపోతే షాపుకి వాపసు.

ఆ కొత్త గన్ను ట్రిగ్గర్ ఉందే, అబ్బో! లాగితే కరకర. ఇసుక పడ్డ అన్నం నమిలినట్టే. మధ్యలో పట్టేసేది, వేలు వణికేది, గురి కాస్తా గోడెక్కేది. నాన్సీ చెప్పింది, "కొత్తవి అంతే, ఫ్యాక్టరీ గ్రీజు తుడిచి, డమ్మీ తూటాలు పెట్టుకుని లాగుతూ ఉండు, అదే అరిగి నున్నగా అవుద్ది" అని. ఇంక చూస్కో, రోజూ బేస్‌మెంట్‌లో గోడకేసి టిక్కు టిక్కు! పక్కన మా అత్తయ్య, అదే, తాతయ్య వాళ్ళమ్మ, తెనాలి నుంచి వచ్చి ఉన్నారులే, జపమాల తిప్పుకుంటూ కూర్చునేవారు. నా టిక్కుకీ ఆవిడ పూసకీ తాళం కుదిరిపోయింది! నేనాగితే కసిరేవారు, "ఆపావేం, నా రాముడు ఆగిపోయాడు!" అని.

కరకర కొంత తగ్గింది గానీ పోలేదు. మీ అమ్మ పసిది కదా, గన్ పెట్టెకి తాళం వేసేవాళ్ళం, తాళంచెవి అత్తయ్య బొడ్లో. పోటీ ముందురోజు సాయంత్రం తీసి లాగానా, వెన్న! నిజంగా వెన్నే! అంతా నా వేలి మహిమ అనుకుని ఎగిరి గంతేశా.

తెల్లారింది. బయట మంచు. పెట్టె కారు డిక్కీలో పడేసి, అత్తయ్యతో సహా వెళ్ళాం. గ్యాస్, అదే పెట్రోలు, అప్పుడు ఇంత రేటు కాదు, గాలన్... సర్లే, అదొద్దు. అక్కడ నా వంతుకి ముందు ఖాళీగా లాగి చూశా. కదిలితే ఒట్టు! బిగుసుకుపోయింది. తాతయ్య మొహంలో దీపావళి. నాకేమో ఏడుపు తన్నుకొచ్చింది.

అత్తయ్య నన్ను లేడీస్ రూమ్‌లోకి లాక్కుపోయి చెవిలో చెప్పారు. "ఏమనుకోకమ్మా, నిన్న నేనే కాస్త కొబ్బరినూనె పోశా. కుట్టుమిషన్‌కీ, తలుపు బందులకీ, నా మోకాళ్ళకీ మనకి అదే కదా!"

అర్థమైందా? ఆవిడ చలికి ఆగలేరని ఇంట్లో హీటర్ ఎనభైలో, ఫారెన్‌హీట్ లెక్కలే, పెట్టేవాళ్ళం, అక్కడ నూనె నూనెలాగే ఉంది. డిక్కీలోకెళ్ళాక గడ్డకట్టి కూర్చుంది!

నూనె సీసా పేరుకుంటే ఏం చేస్తాం, వెచ్చబెడతాం కదా. గోడకి చేతులారబెట్టుకునే మిషన్ ఉంది. తూటాలు నాన్సీ దగ్గరున్నాయి, ఖాళీ గన్ను దానికింద పట్టుకున్నా. అత్తయ్య చీరమీద ఓవర్‌కోటేసుకుని బటన్ నొక్కుతూనే ఉన్నారు, అది ఆగడం, ఈవిడ మళ్ళీ గుద్దడం! చేతులు కడుక్కోవడానికొచ్చిన ఆవిడ మమ్మల్ని చూసి తడి చేతుల్తోనే పోయింది.

కరిగింది! పరిగెత్తుకెళ్ళి నిలబడ్డా. రేంజంతా కొబ్బరినూనె వాసన. "ఎవరన్నా కొబ్బరి కేక్ తెచ్చారా?" అంది పక్కావిడ. మొదటి తూటా ఎటుపోయిందో దేవుడికెరుక. రెండోది నల్ల గుండ్రంలో! అంచుమీదేలే, అయినా నలుపు నలుపే కదా!

"అమ్మా, నువ్వు ఎవరి పక్షం?" అని నూనె సంగతి తెలిశాక తాతయ్య. "నూనె ఎవరికి పోస్తే వాళ్ళ పక్షంరా" అన్నారావిడ. ఆ నూనె పోసిన చెయ్యే నా మాడుమీద పెట్టి, "చల్లగా ఉండు తల్లీ" అన్నారు. "బాబోయ్, చల్లగా వద్దత్తయ్యా, చల్లగా ఉండబట్టే ఇంత గోల!" అన్నా. ఆవిడ పడీ పడీ నవ్వారు. "సరే, వెచ్చగా ఉండు" అన్నారు. చివరిదాకా, ఫోన్లో కూడా, నాకు అదే దీవెన.

ఆ కొబ్బరినూనె సీసా ఇలా అందుకో. తల వంచు... ఇంకొంచెం. వెచ్చగా ఉండు బంగారం, వెచ్చగా ఉండు.