రోడ్డుకు వీపు తిప్పిన చర్చి

నా ప్రసంగం పొట్టిగా ఉండాలని ముందే బతిమాలుకున్న సభాధ్యక్షులు ఫాదర్ గారికి, నాకంటే పెద్దవాళ్ళు ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే వాళ్ళకి, చిన్నప్పుడు నా దగ్గర జపాలు నేర్చుకుని ఇప్పుడు కమిటీలో కూర్చుని నాకే విశ్రాంతి నేర్పుతున్న శిష్యులకి నమస్కారం. పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పి చెప్పి నేను అలసిపోయానని మీ తీర్మానం విన్నాకే నాకు తెలిసింది. (నవ్వులు)

చర్చి చరిత్ర నాలుగు ముక్కల్లో చెప్పమన్నారు. మా తాతల కాలంలో ఇది అచ్చంగా రైతుల ఊరు. ఇంటికో బండెడు రాయి తోలి, పొలం పనులు లేని రోజుల్లో వాళ్ళే గోడలు లేపారు. తలుపు మాత్రం పొలాల వైపు పెట్టారు. మధ్యాహ్నం గంట వినగానే దుక్కి ఆపి బురదకాళ్ళతో నేరుగా లోపలికి రావాలి కదా, అదీ వాళ్ళ ఆలోచన. అవతలి వైపు రోడ్డు పడుతుందని ఎవరికీ తట్టలేదు. పడింది. మొదటిసారి వచ్చిన బిషప్ గారు కారు దిగి, ఎదురుగా ఉన్నదే ముఖద్వారమనుకుని వెనక గోడను భక్తిగా దీవించారట. ఆయన్ని చుట్టూ తిప్పి తీసుకొచ్చేసరికి బూట్లు బురదపాలయ్యాయట.

తర్వాత పొలాలు ప్లాట్లయ్యాయి. ఎవరు చేశారో చెప్పను, ముందు వరసలో ఉన్న మా తమ్ముడు, కమిటీ ప్రెసిడెంటు గారు, నొచ్చుకుంటాడు. (నవ్వులు) నువ్వూ నవ్వరా, ఫరవాలేదు. ఇప్పుడు చర్చి మీద కూడా వాడి కన్ను పడింది. బలిపీఠం వెనక గోడ పగలగొట్టి రోడ్డు వైపు అద్దాల తలుపు పెడతారట, పాత తలుపు ఇటుకలతో మూసేస్తారట. వచ్చే ఆదివారం మీ అందరిచేతా చేతులెత్తిస్తారు. కొత్తవాళ్ళకి చుట్టూ తిరిగి రావడం కష్టంగా ఉందట. గోడ చుట్టూ తిరగలేని భక్తి మోక్షం దాకా ఎలా నడుస్తుందో నాకైతే తెలియదు.

ఒక్కటి మరిచిపోయారు. సమాధుల తోట పాత తలుపు వైపే ఉంది. రేపు శవాలు కూడా రోడ్డెక్కి, సిగ్నల్ దగ్గర ఆగి, సందు తిరిగి వెళ్ళాలన్నమాట. మా నాన్నని తీసుకెళ్ళేటప్పుడు మా అమ్మ ఆ గడప మీద ఆపించింది.

"కాసేపు ఉండండి, ఆయన్ని చేను చూసుకోనివ్వండి" అంది.

మోసేవాళ్ళు బరువుతో అలాగే నిలబడ్డారు. పెట్టె ముందు భాగం నీ భుజం మీదే ఉందిరా తమ్ముడూ. నాకు ఆ గడపంటే ప్రాణం. ఆ మాట చెప్పడానికి నోరు రాకే ఇంతసేపూ వెటకారమాడాను.

జ్ఞాపికగా ఏం కావాలో కోరుకోమన్నారు. గోడగడియారం వద్దు. నన్ను ఆ తలుపులోంచి మోసుకెళ్ళేదాకా దాన్ని మూయకండి. ఆ తర్వాత అద్దాలు పెట్టుకుంటారో, అసలు గోడలే తీసేస్తారో మీ ఇష్టం. ఫాదర్ గారు తల ఊపేశారు, అందరూ చూశారు.

తమ్ముడి ముఖం కూడా వెలిగింది, ఎన్నాళ్ళులే అనుకుంటున్నట్టున్నాడు. ఒరేయ్, మన నాయనమ్మ తొంభై దాటాక కూడా కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కించింది. నాది అచ్చం ఆవిడ పోలికేనని ఊరంతా చెప్పుకు తిరిగింది నువ్వే.

ఓపిగ్గా విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. ప్రస్తుతానికి మాత్రమే సెలవు.