బల్ల మీద ఉండేది

మెకానిక్ ఆ పాత లాప్‌టాప్ అడుగు మూత విప్పాడు. లోపల ఫ్యాను నిండా దుమ్ము పేరుకుపోయి ఉంది. ఎదురుగా కూర్చున్నావిడ ఒళ్లో సంచీని రెండు చేతులా పట్టుకుని చూస్తోంది.

“ఎవరు వాడతారమ్మా దీన్ని?”

“మా తమ్ముడండీ. పొద్దస్తమానం గేములే.”

“దీని మీద గేములా! కుంటి గుర్రాన్ని పందేనికి దింపినట్టుంది. దీన్ని వదిలెయ్యండి, గ్రాఫిక్స్ కార్డున్న కొత్త లాప్‌టాప్ చూపిస్తాను.”

“ఒళ్లో పెట్టుకునేది వద్దండీ. బల్ల మీద ఉండేదివ్వండి. ఇది బాగా వేడెక్కుతోంది.”

“ఏదైనా కాస్త వేడెక్కుతుందమ్మా. చురుక్కుమంటే వాళ్లే తీసి పక్కన పెట్టుకుంటారు.”

“వాడికి నడుం కింద స్పర్శ లేదండీ. గోడలకి రంగులేస్తూ మూడో అంతస్తు నుంచి పడ్డాడు. మొన్న దీంతో రెండు తొడలూ కాలిపోయాయి. ఆసుపత్రిలో ఉన్నాడు.”

మెకానిక్ స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాడు. ఇందాక తనన్న గుర్రం మాట నోట్లో చేదుగా తగిలింది.

“పాపం, కాలుతున్నట్టు తెలిసుండదమ్మా.”

“తెలిసిందటండీ. వాసన వచ్చిందట.”

“మరి ఆపలేదేం?”

“నేనూ అదే అడిగాను. ‘ఆటలో అప్పుడే మెట్లెక్కుతున్నానక్కా. పైకి ఇంకా నాలుగే ఉన్నాయి. మధ్యలో ఎలా ఆగను?’ అన్నాడు.”