చప్పట్ల పద్ధతి

అడవి అంచున ఎలుగుబంట్ల సంరక్షణ కేంద్రం. రేకుల కప్పు కింద ఒకే ఒక్క కంప్యూటరు. దాని ముందు సర్కారు నిధుల కోసం అర్జీ నింపుతున్న అమ్మాయి. ఎదురుగా, కాళ్ళు సమంగా లేని స్టూలు మీద ఆమె బాబాయి, ముప్పై ఏళ్ళుగా అక్కడే కాపలాదారు. అర్జీ ఐదు గంటల్లోపు పంపాలి. గోడ గడియారంలో నాలుగు దాటింది.

“ఆ ఒక్క పేరా తీసెయ్యమంటున్నాను, అంతే. మిగతాదంతా బంగారంలా ఉంది.”

“మిగతాదంతా చదివావా బాబాయ్?”

“చదవలేదు. నువ్వు రాశావుగా, బంగారమే అయ్యుంటుంది.”

“ఆ పేరా కూడా నేనే రాశాను మరి.”

“రాసింది నువ్వు. చెప్పింది నేను. అందుకే తీసెయ్యమంటున్నా.”

“ఊరందరినీ కూర్చోబెట్టి చెప్పినప్పుడు లేని సిగ్గు ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చింది?”

“టీ తాగుతూ చెప్పే కబురు వేరు, కాగితం మీదకెక్కే మాట వేరు.”

“ఎంత బాగా ఎక్కించానో విను ముందు. ‘ఎలుగుబంటి ఎదురైనచో కదలక నిలబడి, లయబద్ధముగా కరతాళ ధ్వనులు చేయుట ద్వారా దానిని శాంతింపజేసి వెనుకకు పంపు స్థానిక సంప్రదాయ పద్ధతి.’”

“కర... ఏంటి?”

“కరతాళ ధ్వనులు. చప్పట్లు.”

“అంత పెద్ద మాట వేస్తే నిజమనుకుంటారే!”

“అనుకోవాలనే వేశాను. ‘స్థానిక విజ్ఞానం’ అని ఏడో సెక్షను ఉంది. దానికి పదిహేను మార్కులు. అవి పడితేనే మనం గట్టెక్కుతాం.”

“పడకపోతే?”

“రెండేళ్ళలో నాలుగు అర్జీలు తిరిగొచ్చాయి. ఇది ఐదోది. ఇదీ తిరిగొస్తే నెలాఖరుకి గేటుకి తాళం. పద్నాలుగు మంది కాపలావాళ్ళు ఇంటికి. వాళ్ళలో నువ్వూ ఉన్నావు, మర్చిపోకు.”

“నా సంగతి వదిలెయ్. నాకీ స్టూలే సరిగ్గా నిలవట్లేదు, ఉద్యోగం నిలవకపోతే ఏమైందిలే.”

“ఎలుగుల సంగతో? తాళం పడ్డ మర్నాడే క్వారీ వాళ్ళు మందుగుండుతో దిగుతారు.”

“దిగుతారు. నిజమే. అయినా ఆ పేరా...”

“మళ్ళీ అదే మాట! ఆ కథ నాకు నోటికొచ్చు బాబాయ్. నువ్వు కట్టెల కోసం వెళ్ళావు...”

“పుట్టగొడుగుల కోసం.”

“చూశావా, నీకే ఆగదు! పుట్టగొడుగుల కోసం. పొద దాటగానే ఎదురుగా ఎలుగు. రెండు కాళ్ళ మీద లేచింది. ఏడడుగులు.”

“ఆఁ, ఏడు.”

“ఏడేనా? ఒకసారి ఎనిమిదిన్నర అన్నావు.”

“చెప్పేకొద్దీ పెరిగిందిలే. మేత బాగా దొరికినట్టుంది.”

“చేతిలో కర్ర లేదు. ఏం చెయ్యాలో తోచక చప్పట్లు కొట్టావు. అది వెనక్కి తిరిగి చూసుకుంది, ఎవరికో కొడుతున్నావనుకుని. ఎవరూ లేరు. తనకేనని తెలిసి సిగ్గుపడి, తల వంచుకుని వెళ్ళిపోయింది.”

“చాల్లే.”

“నాన్నయితే పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఎవరొచ్చినా ‘మా తమ్ముడు ఎలుగుని చప్పట్లతో సాగనంపాడు’ అని తనే మొదలుపెట్టేవాడు.”

“మొదలుపెట్టేవాడు.”

“నీకంటే ఎక్కువ నమ్మాడు.”

“నమ్మాడు.”

“అవునూ, నాన్న పోయాక నువ్వా కథ ఒక్కసారైనా చెప్పావా? నేను వినలేదు.”

“వినేవాడు పోయాడు కదమ్మా.”

“అందుకే అర్జీలో పెట్టాను. నాన్న కాపలా కాసిన అడవి, నువ్వు కనిపెట్టిన పద్ధతి. నిధులొస్తే ముందు బళ్ళలో శిక్షణ. అడవి చుట్టూ ముప్పై రెండు బళ్ళు. పిల్లలందర్నీ వరసలో నిలబెట్టి చప్పట్లు కొట్టిస్తాం.”

“పిల్లలతోనా?”

“బొమ్మలు కూడా వేయించాను. ఇదిగో, రెండు జడల పాప, ఎదురుగా ఎలుగు.”

“తీసెయ్.”

“బొమ్మ బాగాలేదా?”

“తీసెయ్ తల్లీ. బొమ్మ తీసెయ్, పేరా తీసెయ్, అంతా తీసెయ్.”

“ఎందుకో చెప్పకుండా నేను... ఉండు, ఫోను. నిధులిచ్చే ఆఫీసే. హలో... ఆఁ, నేనే సార్. పంపుతున్నాం సార్, ఇంకో అరగంటలో... సార్, ఒక్క మాట. ఏడో సెక్షను ఖాళీగా వదిలేస్తే?... ఆహా... తెరవనే తెరవరా?... లేదు లేదు సార్, రాశాం. ఊరికే అడిగాను. ఉంటాను సార్.”

“ఏమన్నాడు?”

“ఖాళీగా ఉంటే అవతల పారేస్తారట. ఇంక చెప్పు. ఎందుకు తీసెయ్యాలి?”

“అది అబద్ధం కనక.”

“ఏది? సిగ్గుపడటమా? ఆ మాత్రం నాకూ తెలుసు. అది రాయలేదుగా.”

“మొత్తం. పుట్టగొడుగులు కూడా. ముప్పై ఏళ్ళలో ఎలుగు వీపు చూశాను, అడుగులు చూశాను, అది తవ్వి పోసిన పుట్టలు చూశాను. ముఖం ఎప్పుడూ చూడలేదు.”

“అయ్యో బాబాయ్! ఇన్నాళ్ళూ...”

“ఇన్నాళ్ళూ.”

“పోనీలే. అబద్ధమైతేనేం, చప్పుడుకి ఎలుగులు తప్పుకుంటాయిగా. ఎలుగుల్ని చూసే డాక్టరు గారు కూడా అన్నారు.”

“దూరాన ఉన్నప్పుడు తప్పుకుంటాయి. ఎదురుబడ్డాక, అందులోనూ కూనలున్న తల్లి ఎలుగు ముందు, కదలకుండా నిలబడి చప్పట్లు కొట్టమని ఏ డాక్టరూ చెప్పడు. మెల్లిగా వెనక్కి నడవాలి. నోరు మూసుకుని.”

“మరి మనవాళ్ళెవరికీ ఏమీ కాలేదుగా! ఇదిగో నాలుగో సెక్షను. ‘గత పదేళ్ళలో వన్యమృగ దాడిలో మరణించినవారు: సున్నా.’ మన పద్ధతి పనిచేస్తోందనడానికి రుజువుగా దాన్నే చూపించాను. చావులున్న చోటికైతే ఇరవై మార్కులిస్తారు, మనకవి రావు. ఆ లోటు పూడ్చడానికే ఈ చప్పట్లు.”

“ఆ సున్నా నీకెవరు చెప్పారు?”

“రిజిస్టరులో ఉంది.”

“రిజిస్టరు రాసేదెవరు?”

“నువ్వే.”

“చప్పట్ల సంగతి చెప్పిందెవరు?”

“నువ్వే... ఏంటి బాబాయ్ నువ్వనేది?”

“మీ నాన్న పోయిన రోజు నువ్వు హాస్టలు నుంచి ఎలా వచ్చావు?”

“ఇప్పుడదెందుకు?”

“చెప్పు.”

“బస్సులో. అవతలి గట్టున దిగి, నది దాటి వచ్చాను.”

“పడవలోనా?”

“పడవెక్కడుంది అప్పుడు? నడిచి.”

“చెప్పులు విప్పావా?”

“ఏమో, గుర్తులేదు. తొమ్మిదేళ్ళయింది.”

“విప్పావా తల్లీ?”

“...లేదు. విప్పలేదు. ఇసక కాలుతోందని విప్పలేదు.”

“ఆ నదిలో మీ నాన్న ఎలా మునిగాడమ్మా?”

“ఎగువన మడుగుందన్నావు. నువ్వే అన్నావు. ముఖం చూస్తానంటే చూడనివ్వలేదు. నీళ్ళలో నానిపోయింది, చూడొద్దన్నావు. దుప్పటిలో చుట్టేసి తెచ్చావు.”

“మడుగు లేదు.”

“బాబాయ్.”

“మడుగూ లేదు, నీళ్ళూ లేవు. అప్పటి రేంజరుకీ నాకూ తెలుసు. ఆయన పోయాడు. నేను మిగిలాను.”

“అమ్మకి?”

“తెలీదు.”

“ఎందుకు దాచావు? ఎలుగు చంపిందని తెలిస్తే ఊరివాళ్ళు గుహలకి నిప్పు పెడతారనా?”

“రేంజరు ఆ మాటే అన్నాడు. మంచి మాట. నాకు బాగా పనికొచ్చింది.”

“పనికి రావడమేంటి?”

“ముందా సున్నా దిద్దు. పావు తక్కువ ఐదయింది.”

“నువ్విది నిజంగా... ఇది కూడా కథ కాదుగా? మార్కుల కోసం...”

“మా అన్న మీద ఒట్టు.”

“ఒకటి వెయ్యనా?”

“ఒకటే.”

“...వేశాను. కింద కొత్త గళ్ళు తెరుచుకున్నాయి. ఇవి నేనెప్పుడూ చూడనే లేదు.”

“నింపు.”

“మృతుని వయసు. నలభై ఆరు. వృత్తి. కాపలాదారు. వివరాలిస్తున్నవారికి మృతునితో సంబంధం... కూతురు.”

“ఏడవకు తల్లీ. టైపులో తప్పు పడుతుంది.”

“ఈ ఇరవై పడితే ఏడో సెక్షనులో ఏదో ఒకటి రాసినా చాలు. అడుగుజాడలు పోల్చడం రాస్తాను. అది నిజమేగా? అది నీకొచ్చుగా?”

“వచ్చు. అది నిజంగా వచ్చు.”

“చప్పట్లు తీసేశాను. బొమ్మ కూడా. సరేనా?”

“సరే.”

“ఇంకొక్క గడి ఉంది. ‘దాడి సమయమున మృతుడు ఆత్మరక్షణకై చేసిన ప్రయత్నము.’ పరుగెత్తాడని రాయనా? చెట్టెక్కబోయాడా? చేతిలో కర్ర ఉండేదిగా నాన్నకి.”

“కర్ర పక్కన పడేశాడు.”

“పడేశాడా? ఎందుకు?”

“రెండు చేతులూ కావాలిగా.”

“దేనికి? బాబాయ్, ఐదు కావస్తోంది. నువ్వెక్కడున్నావు అప్పుడు? నాన్న ఏం చేశాడు?”

“నేను పై గుట్ట మీదున్నాను. కింద పొదల్లోంచి చప్పట్లు వినిపించాయి. అన్న నన్ను వెక్కిరిస్తున్నాడనుకుని నవ్వుకున్నాను తల్లీ. చాలాసేపు కొట్టాడు.”