మన బావి

1988 వేసవి. హ్యూస్టన్‌లో ఒక ఆదివారం ఉదయం, చర్చికి వెళ్తున్న కారులో భార్యాభర్తలు మాట్లాడుకుంటున్నారు. ఆయన చమురు కంపెనీలో జియాలజిస్టు.

"పక్కింటి హోదాన్ పొద్దున్నే ఏడుస్తూ వచ్చిందండీ. సోమాలియాలో వాళ్ళ ఊరు హర్గేసా మీద బాంబులు వేశారట. వేసింది వాళ్ళ ప్రభుత్వమేనట!"

"తెలుసు. ఆ చుట్టుపక్కలే మన బావి తవ్వాలి."

"మన బావేంటి?"

"అదే, కంపెనీది. ఆయిల్ బావి. అక్కడి ప్రభుత్వం మన కంపెనీకి పర్మిషన్ ఇచ్చింది."

"బాంబులు వేసిన ప్రభుత్వమేనా?"

"ఇంకెవరిస్తారు? ఆయిల్ పడితే వాళ్ళకీ డబ్బొస్తుంది."

"ఎవరికి? హోదాన్ వాళ్ళకా, బాంబులు వేసినవాళ్ళకా? అసలు అక్కడుండే జనాన్ని ఒక్కమాట అడిగారా?"

"అక్కడిప్పుడు ఎవరూ లేరు. ఏరియా క్లియర్ అని చెప్పారు."

"క్లియరా! హోదాన్ వాళ్ళ తాత తవ్వించిన నీళ్ళ బావి ఉందట అక్కడ. ఆ బావి దగ్గర మేకలకు నీళ్ళు తోడే వాళ్ళమ్మ ఏమైపోయిందో తెలియట్లేదు. ఆవిడ కూడా క్లియరేనా?"

"నా మీద అరుస్తావేంటి? నేను రాళ్ళు చూస్తాను, రాజకీయాలు కాదు."

"మరి కోనసీమలో మీ కొబ్బరితోటలో గ్యాస్ కోసం రిగ్గు దింపినప్పుడో? మమ్మల్ని అడక్కుండా ఎవడు తవ్వమన్నాడని ఊరికి ఫోన్ చేసి అరిచిందెవరు?"

"అది వేరు. ఆ నేల మాది."

"అదేనండీ నేనూ అంటున్నది. మీ నేలైతే 'మా'. హోదాన్ వాళ్ళదైతే 'మన'!"